జేబున్న నైటీ

నవంబరు 3

సమస్త ప్రజానీకానికి ఇందుమూలముగా ప్రకటించడమేమనగా: ఎనిమిదో తరగతి రెండుసార్లు తప్పినవాడును, వృత్తిరీత్యా లిఫ్టు మెకానిక్కును, నలభై తొమ్మిదేళ్ల వయసును, నలభై అంగుళాల నడుమును కలవాడును అగు నేను, ఇకమీదట బిగుతుగా ఉండే ఏ బట్టనూ ఒంటిమీద వేయబోనని శాసనం చేయడమైనది. ఈ శాసనం సాక్సులకు కూడా వర్తించును.

కారణం కంపెనీ పార్టీ. పదిహేనో తేదీ, మధ్యాహ్నం రెండింటికి. హారర్ థీమ్ అట. అందరూ దెయ్యాల్లా రావాలట. మీకు మేకప్ ఖర్చు లేదు, యూనిఫాంలో వచ్చేయండి అంది సూపర్‌వైజరమ్మ. మీరు సోమవారం పొద్దుటి మొహంతో రండి మేడమ్, ఫస్ట్ ప్రైజు మీదే అన్నాను. నవ్వలేదు.

నవంబరు 5

అస్థిపంజరం డ్రెస్సు అద్దెకు తెచ్చాను. జిప్పు బొడ్డు దగ్గర ఆగిపోయింది. ఎముకలకి పొట్ట ఉండటం ఇదే చూడటం అన్నాడు గ్రీజు. గ్రీజు అంటే నా పార్ట్‌నర్. ఇరవై ఏళ్లుగా నేను లిఫ్టు పైనుంటే వాడు కిందుంటాడు. అందుకే నా మీద వాడికంత కసి.

నవంబరు 6

రబ్బరు మాస్కు. లోపలంతా వెల్లుల్లి వాసన. వెల్లుల్లి నాదే.

నవంబరు 8, సాయంత్రం

హాయిగా ఉండే బట్టేదీ అని ఆలోచిస్తే మా ఆవిడే గుర్తొచ్చింది. ఇంట్లో ఉన్నంతసేపూ నైటీయే. నువ్వు బెల్టు పెట్టుకుని అన్నం తింటుంటే నాకు ఊపిరాడదు అనేది.

బీరువా మీద హాస్పిటల్ వాళ్లిచ్చిన ప్లాస్టిక్ కవరుంది. తొమ్మిది నెలలుగా ముడి విప్పలేదు. ఇవాళ స్టూలేసుకుని దించాను. నీలం నైటీ, తెల్ల చుక్కలు, కుడిపక్క జేబు. ఆ జేబు తనే కుట్టుకుంది, జేబు లేని బట్ట బట్టే కాదని. లోపల చెయ్యి పెడితే బట్టల క్లిప్పు తగిలింది. తను పోయిన పొద్దున బట్టలు ఆరేయబోతోందన్నమాట.

అమ్మాయి ఇంకా మందుల షాపు నుంచి రాలేదు. తలుపు గడియపెట్టి తొడుక్కున్నాను. ఇంత హాయి ఉందని ఇరవై మూడేళ్లలో ఒక్కసారి చెప్పలేదు, పిసినారి మనిషి.

నవంబరు 9

దెయ్యం ఖాయం. నైటీ, పొడుగు విగ్గు, మొహానికి పౌడరు. లిఫ్టులో నేలమీద శవంలా పడుకుంటాను. తలుపు తెరుచుకోగానే సూపర్‌వైజరమ్మ కేక ఐదంతస్తులూ వినపడాలి.

చచ్చినట్టు పడుకోవడంలో నన్ను మించినవాడు లేడు. పెళ్లయిన కొత్తలో బాత్రూం ముందు పడుకుంటే ఆవిడ ఏడ్చి ఇరుగుపొరుగుని పిలిచింది. పదోసారికి బట్టల బకెట్ పట్టుకుని నా మీంచి దాటి పోయింది. చచ్చింది చాలు గానీ లేచి గ్యాస్ బండ మార్చు అనేది. ఏదో ఒకరోజు నేనూ ఇలాగే పడతా, అప్పుడు తెలుస్తుంది నీకు అనేది. నీకంత నటన రాదులే, నవ్వేస్తావు అనేవాణ్ని.

నవంబరు 10

అమ్మాయి ఆదివారం ఆదివారం ఫస్ట్ ఎయిడ్ క్లాసుకి పోతోంది. రబ్బరు బొమ్మ గుండె మీద రెండు చేతులూ పెట్టి నొక్కడం. ఇవాళ అన్నం ముందు సోఫా దిండు మీద చేసి చూపించింది. అది ఏం పాపం చేసిందే అన్నాను. నవ్వింది. నవ్వి, మళ్లీ అదే మొదలుపెట్టింది. ఆ రోజు బస్సు ఖాళీగా దొరుకుతుందని పది నిమిషాలు ముందు బయల్దేరా నాన్నా, మామూలు టైముకి వెళ్లుంటే అమ్మ పడినప్పుడు నేనుండేదాన్ని అంది. పక్కన ఎవరైనా ఉండి వెంటనే గుండె నొక్కి ఉంటే బతికేదేమో అని ఆ డాక్టరు నోరు జారాడు. అప్పట్నుంచీ పిల్ల తనని తాను కొరుక్కు తింటోంది.

నేనా రోజు పదకొండంతస్తుల బిల్డింగు పైన మెషిన్ రూములో ఉన్నాను. ఫోను కింద టూల్ బాక్సులో ఉంది. ఇంటికొచ్చేసరికి ఆవిడ వంటింట్లో పడి ఉంది, చల్లబడింది. అందరికీ చెప్పింది ఇదే.

నవంబరు 12

రోజూ సాయంత్రం ఓ గంట నైటీలో ఉంటున్నాను. రిహార్సల్ అనుకుందాం.

హాల్లో నడుస్తుంటే చెప్పుల చప్పుడు ఆవిడ నడకలా ఉంది. ఆగాను. ఓ అడుగు తర్వాత ఆ చప్పుడు ఆగింది.

నవంబరు 13

ఇవాళ డ్యూటీలో నాలుగో అంతస్తు దగ్గర లిఫ్టు తలుపు తెరుచుకుని మూసుకోవడం మానేసింది. సెన్సారు తుడిచాను. వైర్లు చూశాను. అంతా బాగానే ఉంది. తలుపు మధ్యలో ఏదో ఉందనుకుంటోంది అది. ఎవరో ఎక్కుతున్నారు, జరుగు అన్నాను గ్రీజుతో. ఎప్పుడూ బూతు తిట్టేవాడు, ఇవాళ జరిగాడు.

మూసుకుంది.

నవంబరు 15, సాయంత్రం 6

రాయాలో వద్దో తెలీదు.

అమ్మాయి పార్టీకి రానంది. షాపులో సెలవివ్వరంది. నేను లిఫ్టులో పడుకున్నాను. విగ్గు మొహం మీదికి లాక్కుని ఊపిరి బిగబట్టాను. సూపర్‌వైజరమ్మ గుమ్మం మెట్లెక్కి లిఫ్టు వైపే వస్తోందని గ్రీజు ఫోన్లో చెప్పాడు. కింద తలుపు తెరుచుకుంది. కేక లేదు.

అమ్మా అని వినపడింది. చాలా మెల్లిగా.

అర పూట సెలవు దొరికి వచ్చిందట. మోకాళ్ల మీద కూలబడింది. నా ముక్కు దగ్గర చెయ్యి పెట్టింది. నేనింకా ఊపిరి తీయలేదు. రెండు చేతులూ గుండె మీద పెట్టి నొక్కడం మొదలుపెట్టింది, పైకి లెక్కపెడుతూ. ఒకటి, రెండు. పదకొండు దాకా వెళ్లింది. లేవాలని ఉంది, లేవలేకపోయాను. పదకొండో దెబ్బకి దగ్గొచ్చింది.

విగ్గు తీసింది. తిట్టలేదు. లిఫ్టు గుమ్మంలోనే కూర్చుంది. తలుపు వచ్చి తన భుజానికి తగలడం, వెనక్కి పోవడం. మళ్లీ రావడం.

నువ్వని తెలుసు నాన్నా, గోళ్లలో గ్రీజు చూశా అంది. వేళాకోళమని కూడా తెలుసంది. మరి ఎందుకు నొక్కావే అన్నాను.

వేళాకోళం కాకపోతే? అంది.

చేతిలో విగ్గు చిక్కు తీస్తూ, నేను ఇంట్లో ఉంటే అమ్మకి ఇలాగే చేసేదాన్ని అంది. జేబులో క్లిప్పు నా తొడకి గుచ్చుకుంటోంది.

నవంబరు 16

పక్కటెముకలు నొప్పి. తగ్గకపోతే బాగుండు.

నవంబరు 18, ఉదయం 7.10

నైటీ ఉతికి ఆరేశాను. ఆ క్లిప్పే పెట్టాను.

అమ్మాయ్, ఈ పుస్తకం నీ టిఫిన్ డబ్బా పక్కన తెరిచి పెట్టి డ్యూటీకి పోతున్నాను. పదో తేదీ కింద రాసిన మెషిన్ రూము కల్పితం. నీ వెనకాలే డ్యూటీకి పోయానన్నదీ అబద్ధం, ఆ రోజు నేను ఇల్లు దాటలేదు. నువ్వు పది నిమిషాలు ముందు వెళ్లడానికీ దీనికీ సంబంధం లేదు, మనిషి ఇంట్లోనే ఉన్నాడు. పడిన చప్పుడు విన్నాను. టీ గ్లాసుతో వంటింటి గుమ్మం దాకా వచ్చాను. పర్లేదు, నవ్వకుండా పడ్డావు, పదికి ఆరు మార్కులు అన్నాను.

గుమ్మంలోనే నిలబడి టీ మొత్తం తాగాను.