గుమ్మంలో ఉప్పూ బూడిదా

బఫెలో,
డిసెంబరు మొదటి వారం, 1981

హైమ పిన్నికి,

నీ రాధ నమస్కారాలు. ఇక్కడ మేమిద్దరం, కడుపులో ఉన్న మూడో మనిషీ క్షేమం. సన్నీవేల్‌లో నువ్వూ, సూర్యప్రకాశ్ బాబాయీ కులాసా అని తలుస్తాను.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాస్తున్నానని కోప్పడకు. పోయిన నెల మనిద్దరం మాట్లాడుకున్నదానికి బిల్లు వచ్చిన రోజున మా ఆయన అన్నం తినకుండా పడుకున్నారు. ఉత్తరంలో అయితే ఎంతసేపు మాట్లాడినా ఒకటే స్టాంపు.

స్నో వచ్చేసింది పిన్నీ. మొదటిరోజు కిటికీ దగ్గర కూర్చుని చిన్నపిల్లలా చూశాను. ఇప్పుడు కర్టెన్ వేసేశాను. పెరుగు తోడుకోదు, ఇడ్లీపిండి పొంగదు. పిండిగిన్నెకి ఈయన స్వెట్టర్ తొడిగి ఫర్నేస్ పక్కన పెడుతున్నాను. మొన్న ఈయన చలికి వణుకుతూ ఆ స్వెట్టర్ కోసం ఇల్లంతా వెతికారు. నేనూ వెతికినట్టు నటించాను.

నువ్వు చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా చేస్తున్నాను. పోయినసారిలా ఈ బిడ్డ కూడా నాకు దక్కకుండా పోకూడదు. డాక్టరు అంతా బాగానే ఉందంటాడు. పోయినసారీ అలాగే అన్నాడు. అందుకే ఆయన మాట మందులకీ, నీ మాట మిగతావాటన్నిటికీ. పొద్దున్నే ఈయన లేవకముందే స్నానం చేసి, తలుపు తీసి, గుమ్మం ముందు మెట్ల మీద కళ్ళాపి చల్లి, వెంటనే తలుపు వేసేస్తున్నాను. చన్నీళ్ళు ముట్టుకుంటే జలుబు చేస్తుందేమోనని వేడినీళ్ళే చల్లుతున్నాను. ముగ్గు మాత్రం వంగలేక మానేశాను.

ఒకటే చికాకు. అందరిళ్ళ మెట్ల మీదా మంచు మెత్తగా ఉంటుంది, మా మెట్ల మీద మాత్రం గాజుపలకలా ఉంటుంది. మొన్న ఈయన ఆఫీస్‌కి బయల్దేరి, మొదటి మెట్టు మీద కాలు పెట్టి, కారు దాకా కూర్చునే వెళ్ళారు. కప్పు మీంచి నీళ్ళు కారుతున్నాయని ఆయన అనుమానం.

ఉంటాను మరి,
రాధ

తా.క. పక్కింట్లో మిసెస్ కొవాల్స్కీ అని పోలండ్ ముసలావిడ ఒక్కతే ఉంటుంది. నల్లకోటు, తలకి నల్లగుడ్డ. ఈయన పడినప్పుడు కిటికీలోంచి చూసింది. కాస్త కూడా నవ్వలేదు. నేను నవ్వాను.

*

సన్నీవేల్

చి.ల.సౌ. రాధను మనసారా దీవించి హైమ పిన్ని రాసేది.

నీ ఉత్తరం అందింది. మీ అమ్మ అక్కడ ఇండియాలో, నేనిక్కడ. ఈ దేశంలో నీకు అమ్మనైనా పిన్నినైనా నేనే కనక చెప్పినట్టు విను. పోయినసారి నేను రాలేకపోయాను, ఆ బాధ నాకింకా ఉంది. ఈసారి చెయ్యవలసినవి ఒక్కటి కూడా తప్పకూడదు. ముఖ్యంగా కళ్ళాపి. ఏడో నెలలో గుమ్మం ఎండిపోనిస్తారుటే? రెండు చెంబులు చల్లు.

కృష్ణమోహన్ పడ్డాడంటే చూసి నడవకపోవడం వల్లే. మగాళ్ళకి కళ్ళు ఎక్కడుంటాయో నాకు తెలుసు.

ఆ ముసలావిడ సంగతే నాకు నచ్చలేదు. ఎదటిమనిషి జారిపడితే నవ్వు రానిదాన్ని ఏమనుకోవాలి? కడుపుతో ఉన్నావు, ఆవిడ కిటికీలోంచి కనపడేట్టు తిరక్కు. శుక్రవారం శుక్రవారం దిష్టి తీసుకో.

ఇట్లు,
నీ మేలు కోరే పిన్ని

తా.క. మీ బాబాయి నీ ఉత్తరం చదివి, “బఫెలోలో మెట్ల మీద నీళ్ళు పోస్తే గడ్డకట్టవుటోయ్?” అన్నారు. ఏడాది పొడుగునా పొట్టిచేతుల చొక్కా వేసుకుని తిరిగే మనిషికి మంచు గురించి ఏం తెలుసు? పట్టించుకోకు.

*

బఫెలో,
డిసెంబరు నెలాఖరు

పిన్నీ,

నమస్కారాలు అవీ తరవాత. ముందు ఇది విను.

నాలుగురోజుల క్రితం కళ్ళాపి చల్లి, పూజ చేసుకుని, పేపర్ తీసుకుందామని మళ్ళీ తలుపు తీశాను. మెట్ల మీద కళ్ళుప్పు! దాని మీద బూడిద! గుమ్మానికి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎవరో చల్లి వెళ్ళారు. స్నోలో అడుగులు ఉన్నాయి. మిసెస్ కొవాల్స్కీ వంటింటి తలుపు దగ్గర మొదలై, మా గుమ్మం దాకా వచ్చి, మళ్ళీ ఆ తలుపు దగ్గరికే వెళ్ళాయి.

మన ఊళ్ళో అయితే ఏం చేస్తాం? వీధివీధంతా పోగవుతుంది, పెద్దవాళ్ళు చూసుకుంటారు. ఇక్కడ నేనొక్కదాన్నే. ఈయన లేచి దాన్ని తొక్కితే ఎలా? గబగబా మొత్తం ఊడ్చి ఒక డబ్బాలో పోశాను. ఆ చోటు శుద్ధి కావాలని ఇంకో చెంబుడు వేడినీళ్ళు పోశాను. తరవాత ఈయన లేచి, ఆఫీస్‌కి బయల్దేరి, మళ్ళీ పడ్డారు.

అప్పట్నుంచి రోజూ ఇదే. నేను కళ్ళాపి చల్లుతాను, పూజ ముగించుకుని వచ్చేసరికి ఉప్పూ బూడిదా ఉంటాయి, నేను ఊడుస్తాను, మళ్ళీ నీళ్ళు పోస్తాను. ఈయనకి చెప్పలేదు. చెబితే పగలబడి నవ్వుతారు, లేకపోతే ఆవిడ మీదికి పోట్లాటకి వెళతారు. రెండూ నేను తట్టుకోలేను.

చేతబడి ఈ దేశంలో కూడా ఉంటుందా పిన్నీ? ఆవిడకి నేనేం అపకారం చేశాను? ఎండాకాలంలో ఒకసారి గోంగూర పచ్చడి ఇచ్చాను, అంతే.

వెంటనే జవాబు రాయి.
రాధ

తా.క. ఆ పచ్చడి ఆవిడ తిందో లేదో తెలీదు. సీసా మాత్రం కడిగి తిరిగిచ్చింది. ఆరోజు కూడా నవ్వలేదు.

*

సన్నీవేల్

రాధా, భయపడకే తల్లీ. నేనున్నాను.

ఉప్పు అంటే ఏమో అనుకోవచ్చు. ఉప్పూ, బూడిదా, నల్లగుడ్డా, తెల్లవారుజామూ! ఇంకా సందేహం ఏముంది? మనుషులున్న ప్రతి దేశంలోనూ ఇవి ఉంటాయి. ఊడ్చి మంచిపని చేశావు. ఇవాళ్టి నుంచి కళ్ళాపి నీళ్ళలో పసుపు కలుపు, పిడికెడు. పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి చల్లు. గుమ్మానికి నిమ్మకాయ కట్టు. ఆవిడ ఏం పెట్టినా తినకు.

అన్నిటికంటే ముఖ్యం, నువ్వు ఆ ఇంట్లో ఉండొద్దు. ఇక్కడికి వచ్చెయ్. పురుడు ఇక్కడే పోసుకుందువుగాని. కృష్ణమోహన్ ఎలాగో వండుకు తింటాడు. ఎనిమిదో నెల నిండకముందే విమానం ఎక్కాలి. ఒప్పించు. ఒప్పుకోకపోతే ఏడువు.

ఇట్లు,
నిద్ర పట్టని మీ పిన్ని

తా.క. స్నో కరగడానికి ఉప్పు చల్లుతారని మీ బాబాయి అంటున్నారు. “మరి బూడిద ఎందుకో చెప్పండి” అన్నాను. పేపరు తీసుకుని పక్కగదిలోకి వెళ్ళిపోయారు.

*

బఫెలో,
జనవరి, 1982

పిన్నీ,

నువ్వు చెప్పినట్టే పసుపు కలిపాను. దాంతో కొత్త గొడవ మొదలైంది. మెట్ల మీది మంచు మొత్తం పచ్చగా అయింది. పోస్ట్‌మన్ జారి, రైలింగ్ పట్టుకుని వేలాడి, లేచి, ఈయనతో “మిస్టర్, ప్లీజ్ వాచ్ యువర్ డాగ్” అన్నాడు. ఇంకోసారి ఇలా అయితే ఉత్తరాలు ఇంటికి ఇవ్వడుట, పోస్టాఫీసుకి వెళ్ళి తెచ్చుకోవాలిట. మనకి కుక్క ఎక్కడిది? ఇప్పుడు ఈయన పొద్దున్నే కిటికీ దగ్గర నిలబడి ఎవరి కుక్క వస్తోందా అని కాపలా కాస్తున్నారు. ఆయన లేచే లోపలే నా పని ముగించడం చచ్చేచావుగా ఉంది. మొన్న పడి మణికట్టు కూడా బెణికించుకున్నారు.

మీ ఇంటికి వస్తానన్నాను. “ఎయిత్ మంత్‌లో ఫ్లైటా? డాక్టర్ వద్దన్నాడు రాధా” అన్నారు. ఏడిచాను. ఆయన కూడా కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. పోయినసారి ఆస్పత్రి నుంచి ఇద్దరమే తిరిగొచ్చిన సంగతి ఆయనకీ గుర్తుంటుందిగా. ఇంక ఏం అడగను?

నిన్న పొద్దుట్నుంచీ కడుపులో కదలిక లేదు. సాయంత్రం దాకా లేదు. సోఫాలో పొట్ట మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. ఊపిరి గట్టిగా తియ్యడానికి కూడా భయమేసింది. చీకటి పడ్డాక ఒక్క తన్ను తన్నింది. అప్పుడు ఏడుపు వచ్చింది.

ఆ మధ్యాహ్నమే కర్టెన్ సందులోంచి చూశాను పిన్నీ. ఆవిడ తన వంటింటి కిటికీలో నిలబడి, మా ఇంటి వైపు చూస్తూ, పెదాలు కదుపుతూ, చేత్తో గాలిలో ఏదో గీసింది.

ఇంక నావల్ల కాదు. ఏదో ఒకటి చెప్పు.

రాధ

తా.క. నిమ్మకాయ గుమ్మానికి కడితే రాయిలా గడ్డకట్టి ఈయన నెత్తిమీద పడింది. అది కూడా కప్పు మీంచే పడిందనుకుంటున్నారు.

*

సన్నీవేల్

రాధా,

ఇంక మెతకగా ఉంటే లాభం లేదు. నువ్వు ఊడ్చి దాచిన ఉప్పూ బూడిదా పసుపునీళ్ళలో కలుపు. ఆవిడ గుమ్మంలోనే పొయ్యి. ఎవరిది వాళ్ళకే చేరుతుంది. పోశాక వెనక్కి తిరిగి చూడకు, ఎవరు పిలిచినా పలక్కు. జాగ్రత్తగా నడు.

హైమ

తా.క. ఈ ఉత్తరం మీ బాబాయికి చూపించలేదు.

*

బఫెలో,
జనవరి

హైమ పిన్నికి,

నమస్కారాలు. కూర్చుని చదువు.

నువ్వు చెప్పినట్టే ఈయన ఆఫీస్‌కి వెళ్ళాక ఇత్తడిచెంబులో అన్నీ కలుపుకుని, కోటు వేసుకుని, వెనకగుమ్మంలోంచి రోడ్డు చుట్టూ తిరిగి వెళ్ళాను. ఆవిడ మెట్లు మన వంటింటి గచ్చులా పొడిగా, శుభ్రంగా ఉన్నాయి. నాకు ఇంకా మండింది. చెంబు వంచబోతున్నాను, తలుపు తెరుచుకుంది.

“క్రేజీ గర్ల్! యూ ఫాల్, బేబీ ఫాల్!” అంటూ నా జబ్బ పట్టుకుని లోపలికి లాగేసింది. ముసలావిడే కానీ ఏం పట్టు! కుర్చీలో కూలేసి, నా బూట్లు తనే విప్పి, కాళ్ళకి వెచ్చటి తువ్వాలు చుట్టింది. ఎదురుగా కట్టెలపొయ్యి. దాని పక్కన బూడిదబకెట్టు, ఉప్పుబస్తా. చెంబు ఒళ్ళోకి లాక్కున్నాను. పొయ్యి పైన గోడకి మేరీమాత పటం ఉంది. దాని వైపు తిరిగి ఆవిడ మళ్ళీ గాలిలో గీసింది. దగ్గర్నుంచి చూశాక అర్థమైంది, అది శిలువ. గుంటూరులో చర్చి పక్కన పెరిగినదాన్ని, నాకు ఆ మాత్రం తెలియలేదు చూడు.

తన ముక్కలుముక్కల ఇంగ్లీషులో చెప్పుకొచ్చింది. రోజూ పొద్దున్నే నేను నీళ్ళు చల్లడం కిటికీలోంచి చూస్తుందిట. “హోలీ వాటర్. ఐ నో. ఐ నో స్టాప్ ప్రేయర్” అంది. మా పూజకి అడ్డు చెప్పడం పాపం అనుకుంది. కానీ నీళ్ళు గడ్డకట్టి, ఈ పొట్టతో నేను ఎక్కడ పడతానోనని రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదుట. అందుకని నా పూజ అయ్యేదాకా ఆగి, తను వచ్చి మంచు కరగడానికి ఉప్పూ, కాలు జారకుండా బూడిదా చల్లి వెళ్ళేది. “యూ స్వీప్. ఐ పుట్. యూ స్వీప్. ఐ పుట్. యూ స్టబర్న్! మీ ఆల్సో!” అని, పిన్నీ, నవ్వింది. పైపళ్ళు లేవు. అందుకే నవ్వదనుకుంటాను.

అప్పుడు నా చేతిలో చెంబు చూసింది. “ఫర్ మీ? యూ బ్రింగ్ ఫర్ మీ?” అంది. ప్రతి జనవరిలో వాళ్ళ చర్చి ఫాదర్ ఇంటింటికీ వచ్చి పవిత్రజలం చల్లి దీవించి వెళతాడుట. ఈ ఏడు మంచు వల్ల ఈ వీధికి రాలేదుట. దానికోసం ఎదురుచూస్తూ ఒంటరిగా కూర్చుందిట. ఆ మాట చెప్పి, తలగుడ్డ విప్పి, నా ముందు తెల్లటి తల వంచుకుంది.

ఏం చెయ్యమంటావు? ఆవిణ్ణి నాశనం చెయ్యమని తెచ్చిన నీళ్ళు. నా చెయ్యి రాలేదు. ఆవిడ తల ఎత్తలేదు. చివరికి వేళ్ళతో నాలుగు చుక్కలు చల్లాను. నోటికి ఇంకేమీ రాక “దీర్ఘసుమంగళీ భవ” అన్నాను. ఆవిడ మొగుడు పోయి చాలా కాలమైందిట. ఆవిడ “ఆమెన్” అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆవిడ నాది భక్తి అనుకుంది. అది సిగ్గు పిన్నీ. ఇన్నాళ్ళూ నా బిడ్డని నేనే గాజుపలక మీద నిలబెట్టాను, ఆవిడ కాపాడుతూ వచ్చింది.

సాయంత్రం ఈయనకి అంతా చెప్పాను. మణికట్టు నిమురుకుంటూ, “మరి ఆ కుక్క?” అన్నారు. “నేనే” అన్నాను.

నేను కాలిఫోర్నియా రావడం లేదు. ఈయన ఆఫీస్‌లో ఉండగా నొప్పులొస్తే, మిసెస్ కొవాల్స్కీ నన్ను తన కారులో తీసుకెళతానంది. ఆవిడ డ్రైవింగ్ చూశాను, చక్కగా ఉంది. నువ్వే ఇక్కడికి రా. వచ్చేటప్పుడు మంచి బూట్లు కొనుక్కో.

నీ,
రాధ

తా.క. ఆవిడ ఇవాళ పొద్దున్న ఒక ఖాళీ సీసా తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆ నీళ్ళు చల్లించుకున్నప్పట్నుంచీ మోకాళ్ళ నొప్పి తగ్గిందిట. చర్చిలో స్నేహితురాళ్ళకి కూడా కావాలిట. అది ఏ నీళ్ళో చెప్పే ధైర్యం నాకు లేదు. పసుపు కాస్త ఎక్కువ తీసుకురా.