చెరిపితే పుట్టే వేడి

ప్రియమైన వదినకు,

కంప్రెసర్ విప్పుకుని కూర్చుని రాస్తున్నాను, నూనె మరకలకు ఏమీ అనుకోకు. సమాచారం చెరిపితే ఇంత వేడి పుట్టి తీరాలని శాస్త్రం అంటే, నువ్వు ల్యాబ్‌లో అంతకన్నా తక్కువ వేడితో చెరిపావని అన్నయ్య ఫోన్లో మురిసిపోయాడు. చెరపడానికి వేడెందుకు? ఈ ఐసు ఫ్యాక్టరీ మెకానిక్‌కి అర్థమయ్యేలా చెప్పు.

నీ ఆడపడుచు

ప్రియమైన ఐసురాణికి,

నీళ్లలో కంటికి ఆనని పూస ఒకటి. కాంతితో దానికి రెండు గుంటలు చేస్తాం. ఎడమన ఉంటే ‘కాదు’, కుడిన ఉంటే ‘అవును’. ఎక్కడున్నా సరే కుడికి తోసేస్తే, ముందు ఎక్కడుందో ఇక తెలియదు. చెరపడమంటే అదే. పూస ఉండగల చోట్లు రెండు నుంచి ఒకటయ్యాయి కదా, అంటే దాని ఎంట్రోపీ, ఎక్కడుందో తెలియని అనిశ్చితి, తగ్గింది. మొత్తం మీద ఎంట్రోపీ తగ్గకూడదు కనక, ఇక్కడ తగ్గినంతా నీళ్లలో పెరగాలి. అందుకే తొయ్యడానికి మేం వాడిన శక్తి వేడిగా నీళ్లలోకి పోతుంది. మాకు ఆ వేడి తక్కువొచ్చింది. వచ్చే నెల శాస్త్రవేత్తల సభలో చెప్పాలి. ఇరవై ఏళ్లుగా ఎదురుచూసిన రోజు.

మీ వదిన

ప్రియమైన వదినా,

అంత చిన్న వేడిని కొలిచింది మా వదినేనని ఇక్కడ అందరికీ చెప్పుకున్నాను. ఒక్క మాట. మా ఫ్యాక్టరీలో లోపల గది చల్లబడితే, ఆ వేడిని బయటికి పంపే వెనక గొట్టాలు కాలాలి. కాలడం లేదంటే నేను మెచ్చుకోను, తలుపు తీసి చూస్తాను. చాలాసార్లు గది చల్లబడే ఉండదు. పూస ప్రతిసారీ కుడికి చేరిందా? చిన్ననోటికి పెద్దమాటైతే మన్నించు.

నీ ఆడపడుచు

ప్రియమైన ఐసురాణికి,

అయిదు వారాలు జవాబివ్వలేదు. కోపమొచ్చింది, దాచను. నాలుగు రోజులు నీ ఉత్తరం ముట్టుకోలేదు. తర్వాత మూడు వేల ప్రయత్నాల రికార్డులూ ఒక్కొక్కటే చూశాను. పదింట ఒకసారి పూస ఎడమనే ఉండిపోయింది. పూర్తిగా చెరగలేదు కనకే వేడి తగ్గింది. నిదానంగా, ప్రతిసారీ కుడికి చేరేలా మళ్లీ తోశాం. వేడి శాస్త్రం చెప్పిన హద్దుకు చాలా దగ్గరగా వచ్చింది, కిందికి మాత్రం దిగలేదు.

సభలో ఉన్నదున్నట్టు చెప్పాను. ముందు వరసలోని పెద్దాయన, “తప్పెలా దొరికిందమ్మా?” అని అడిగారు.

“మా ఆడపడుచు అడిగింది. ఐసు ఫ్యాక్టరీలో మెకానిక్.”

ఆయన కలం తీసి, “పేరు చెప్పండి, రాసుకుంటాను” అన్నారు. చెప్పాను. వ్యాసంలో కూడా నీ పేరు నా పేరు పక్కనే వేశాను. అడక్కుండా వేసినందుకు తిట్టాలనుంటే ఆదివారం వచ్చి తిట్టు. ల్యాబ్ తలుపు నేనే తీస్తాను.

ప్రేమతో,
మీ వదిన