నల్ల చుక్క దీక్ష

లోవు,
1913, జూన్ నెల.

పెదనాన్న గారికి, ద్రౌపది నమస్కారాలు.

నేను చేసే పనికి నేను చెప్పే అర్థం మన ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. మద్రాసు కాలేజీలో ఉన్నప్పుడు ఉత్తరం ఆలస్యమైతే జబ్బన్నారు, ముందుగా వస్తే ఇంటి మీద బెంగన్నారు. మీ మాట మీద సముద్రం దాటి మీరున్న ఈ చెరకు దీవులకు వచ్చి మిషను బడిలో పాఠాలు చెబుతుంటే, పెళ్లి తప్పించుకోవడానికన్నారు. ఇప్పుడు నేనుంటున్న ఇంటి పార్బతి పిన్ని నాకు గాలి సోకిందని మీకు రాసిందట.

ఆమె రాసినవన్నీ నిజమే. టీ మానేశాను. తెల్లవారకముందే స్నానం చేసి, గోడ మీద దిద్దుకున్న నల్ల చుక్క ఎదుట నిలబడి, ఇస్త్రీపెట్టె పట్టుకున్న కుడిచెయ్యి చాచి, ఊపిరి బిగబట్టి చూస్తాను. ఆ సమయంలో ఎవరు పిలిచినా పలకను. అంతమాత్రాన జబ్బూ లేదు, గాలీ లేదు. ఆగస్టు మొదటి శనివారం దాకా ఇలాగే ఉంటాను. ఎందుకో ఇప్పుడే చెప్పను. చెబితే ఆపుతారు.

ఇట్లు,
నిక్షేపంగా ఉన్న ద్రౌపది

తా.క. ఇస్త్రీపెట్టె నా చేతిలో చూసి పిన్ని తన చీరలన్నీ తెచ్చి పక్కన పెడుతోంది. అందులో బొగ్గులు లేవన్నా వినదు.

*

లబాసా.

చిరంజీవి ద్రౌపదికి, పెదనాయన సన్యాసి నిండు మనసుతో దీవించి రాసేది.

చెప్పకపోతే నాకు తెలీదనుకున్నావేటమ్మా? టీ మానడం, చీకటి స్నానం, మౌనం, బరువు మొయ్యడం. మొక్కుకున్న మనిషి ఆ మొక్కు బయటపెట్టకూడదని కూడా తెలిసి నడుచుకుంటన్నావు. ఆగస్టులో మీ వైపు అమ్మవారి ముందు నిప్పుల గుండం తొక్కుతారు కదా. తొక్కు తల్లీ. కాలేజీ చదివిన పిల్ల దేవుణ్ణి లెక్కచెయ్యదన్నోళ్ల నోళ్లు నిన్న నలుగురం యంగోనా కషాయం తాగే కాడ నేనే మూయించాను.

పూజారి మున్సామి నీకోసం బట్ట పసుపులో తడిపేడు. చెరకు నరుకుడు మొదలయింది, నేను రాలేను. మీ పెద్దమ్మ గంగ, మున్సామి, మేళం వాళ్లు స్టీమరెక్కి వస్తన్నారు.

నీ గొప్ప చెప్పుకుంటా తిరుగుతన్న
పెదనాయన

తా.క. ఇస్త్రీపెట్టె మొక్కు మాత్రం మా ఎవరికీ తెలీదు. మద్రాసు వైపుదా? మన గుడిలోనూ మొదలెట్టొచ్చా అని మున్సామి అడగమన్నాడు.

*

లోవు.

పెదనాన్న గారికి, గుండం తొక్కని ద్రౌపది నమస్కారాలు.

మేళం ఆపించండి. ఇక దాచి లాభం లేదు. నేను నేర్చుకుంటున్నది పిస్తోలు. ఒంటిచేత్తో చాచి పట్టుకుని, దూరాన కాగితం మీదున్న నల్లటి వృత్తానికి సరిగ్గా నడుమ కొట్టాలి. ఆడవాళ్లకూ పందెం పెట్టమని మా హెడ్ మిస్ట్రెస్ మిస్ హిల్డా అడిగితే, ముగ్గురి పేర్లిస్తేనే పెడతామని దొరల తుపాకీ క్లబ్బువాళ్లు అన్నారు. ఆవిడ, డాక్టరు గారి భార్య, నేను. నన్ను లెక్క నింపడానికి పిలిచారు. నేను గెలవడానికి వెళ్తున్నాను.

మొదటి రోజు కళ్లు మూసుకుని పేల్చాను. కాగితానికి ఏమీ కాలేదు, దాన్ని నిలబెట్టిన గుంజ విరిగింది. ఆ తర్వాత క్లబ్బులో చాలా రోజులు ఖాళీ పిస్తోలుతోనే సాధన. అది ఇంటికి ఇవ్వరు గనుక ఇక్కడ ఇస్త్రీపెట్టె. చూడాల్సింది చుక్కను కాదు, గొట్టం కొసనున్న మొనను. చుక్క మసకగా ఉన్నా ఫరవాలేదు. ట్రిగ్గరు ఎంత మెల్లగా నొక్కాలంటే, పేలినప్పుడు పేల్చినవాళ్లే ఉలిక్కిపడాలి. టీ తాగితే నా చేతిలో ఆ మొన ఊగుతుంది. నా దీక్ష ఇంతే.

ఇట్లు,
పందెపు మనిషి ద్రౌపది

తా.క. క్లబ్బు కార్యదర్శి ఎవరనుకున్నారు? గిర్మిట్ ఒప్పందపు కూలీ రోజుల్లో మీ కూలి లైన్ల మీద కొరడా పట్టి పని చేయించిన కులంబరు దొరే. గుండ్లు ఆయనే అందిస్తాడు. నా చేతిలో పిస్తోలు ఉన్నంతసేపూ ఎంత మర్యాదగా మాట్లాడతాడో.

*

లబాసా.

చిరంజీవి ద్రౌపదికి, పెదనాయన చెరకు నరుకుడు ఆపి రాసేది.

పైన రాసిందంతా దారిలో ఎవరైనా విప్పి చదువుతారని రాసేవు. అసలు సంగతి తాజా కలంలో పెట్టేవు. నాకు అర్థమయింది. కాగితం నీకేం చేసిందమ్మా, దాని మీద గుండ్లు పేల్చడానికి?

వాడి కొరడా మచ్చ నా వీపు మీద ఇప్పటికీ ఉంది. చెరకు కత్తి చేతిలో ఉండగా ఆ ఆలోచన నాకూ వచ్చింది. ఆగేను. ఆగబట్టే ఇవాళ ఈ పొలం, నీకు రాసే ఈ చెయ్యి. నిన్ను ఉరికంబం మీద చూడలేను తల్లీ. గంగ శుక్రవారం దిగుతుంది. శనివారం నిన్ను గడప దాటనివ్వదు. సోమవారం స్టీమరుకి లబాసా తెచ్చేస్తుంది. ఇక్కడ జగన్నాథంతో నీ పెళ్లి ఖాయం చేసేను. ఎదురు చెప్పకు.

నీ మేలు కోరే
పెదనాయన

తా.క. గురి కుదిరిందా అని మీ పెద్దమ్మ అడుగుతోంది. ఊరికే, తెలుసుకుందామని.

*

లోవు,
ఆగస్టు.

పెదనాన్న గారికి, ద్రౌపదీ పెద్దమ్మా కలిసి పెట్టే నమస్కారాలు.

దొర బతికే ఉన్నాడు. ముందు అది చెప్పాలి.

శుక్రవారం రాగానే పెద్దమ్మ గడపకు అడ్డంగా చాప వేసింది. పొద్దున నేను దాటబోతే కాలు పట్టుకుంది.

"వాణ్ణే కొడతావా?" అంది.

"కాగితాన్నే, పెద్దమ్మా."

"ఒట్టి కాగితానికి ఇంత దూరం మేళమా? పద, నేనూ చూస్తాను."

క్లబ్బు మైదానంలో తాడు అవతల మున్సామి పసుపు బట్టతో, మీరు ఆపించని మేళంతో సిద్ధంగా ఉన్నాడు. డప్పు మోగడం విని డాక్టరు గారి భార్య తిరుగుబాటని భయపడి బండెక్కి వెళ్లిపోయింది. ఇద్దరే మిగిలారు, పందెం లేదని దొర ప్రకటించాడు. ఏమంటున్నాడని పెద్దమ్మ అడిగితే తెలుగులో చెప్పాను.

"ముగ్గురే కదా కావాలి? నా పేరు రాయమను" అంది.

దొర కాదనబోయాడు. అప్పటికే బల్ల మీది పిస్తోలు పెద్దమ్మ చేతిలోకి వచ్చేసింది. 'గంగ, సన్యాసి భార్య, లబాసా' అని రాసుకుని, గుండ్లు తనే అందించాడు.

నేను గెలిచాను. ఆ డప్పులకు మిస్ హిల్డా చెయ్యి ఊగింది, నాది ఊగలేదు. పెద్దమ్మ గుండ్లన్నీ ఇసుకలోకి పోయాయి, ఒక్కటి తప్ప. అది పక్కకు వెళ్లి దొర ఖాళీ కుర్చీని పడగొట్టింది. పొరపాటున తగిలింది అంది. నేను మళ్లీ అడగలేదు.

ఇట్లు,
మీ ద్రౌపది

తా.క. పెద్దమ్మ సోమవారం స్టీమరెక్కలేదు. కోతలయ్యేదాకా మీ అన్నం మీరే వండుకోవాలట. నేను లబాసా రాను. జగన్నాథాన్ని చేసుకోను. క్రిస్మస్ పందేనికి మా ఇద్దరి పేర్లూ ఇచ్చేశాను.