గామా ముఖానికి పటిక నీళ్ళు

శ్రీకాళహస్తి,
2 డిసెంబరు 2024.

నా తల్లి పవిత్రకు,

మీ పంకజం అత్త రాసేది. ఉత్తరమేంటి, ఫోను పాడైందా అనుకుంటావు. ఫోను చేస్తే మీ అమ్మ స్పీకర్లో పెట్టి వీధంతా వినిపిస్తుంది. ఇది నీ ఒక్కదానికే, అందుకే కాలేజీ అడ్రసుకు పంపుతున్నాను.

మీ సుందరరాజు మామకు చెన్నైలో ఒక హోటలు వాళ్ళు పెద్ద కలంకారీ గుడ్డకు ఆర్డరిచ్చారు. వాస్కో డ గామా జీవితం, పన్నెండు గళ్ళలో. ఆయన చచ్చి అయిదు వందల ఏళ్ళయిందట, అందుకని. ఆర్డరు మామది, సంతకం మామది, గీసేది నేను. ఇరవై ఏళ్ళుగా మా ఇంట్లో జరిగేది ఇదే.

వాళ్ళిచ్చిన పుస్తకం చదువుకుని మూడు నెలలు ఆ దొరతోనే కాపురం చేశాను. ఆఫ్రికా కొస చుట్టి కాలికట్టు చేరడం, అక్కడి రాజుకు కానుకలని టోపీలూ, చేతులు కడుక్కునే గిన్నెలూ, తేనే పట్టుకెళ్ళి నవ్వులపాలు కావడం, తిరుగు ప్రయాణంలో అన్న పోవడం, ఇవన్నీ హాయిగానే గీశాను. రెండోసారి వచ్చేటప్పటికి వాడి చేతికి అధికారం వచ్చింది. తేలుకు పెత్తనమిస్తే తెల్లవార్లూ కుట్టిందట. మక్కా నుంచి తిరిగి వస్తున్న యాత్రికుల ఓడను పట్టుకుని, ఉన్నదంతా దోచుకుని, మనుషులతో సహా నిప్పు పెట్టించాడు. ఆడవాళ్ళు ఒంటిమీది బంగారం తీసి చూపించారట. చంటిబిడ్డలను రెండు చేతులా పైకెత్తి చూపించారట. వాడు తన ఓడ కిటికీలోంచి చూస్తూ ఉన్నాడు. ఇరవైమంది దాకా పిల్లలను మాత్రం ముందే తీసుకుని తన మతంలో కలుపుకున్నాడు.

ఆ గడి దగ్గర నా చెయ్యి సాగలేదు. ఎందుకో నీకు చెప్పాలి. పవిత్రా, నిన్ను కన్నది నేను. నువ్వు పుట్టిన పదకొండో రోజు నాకు ఒళ్ళు కాలిపోయే జ్వరం, లేవలేను. పిల్లలు లేని నాగులమ్మ వదిన, నువ్వు అమ్మా అని పిలిచే మనిషి, నీ ఉయ్యాల దగ్గర కూర్చుని ఏడుస్తోంది. మీ మామ నిన్ను తీసి తన అక్క ఒళ్ళో పెట్టి, "ఎత్తకపోక్కా, మాకింకోటి పుడతాది" అన్నాడు. మళ్ళీ పుట్టలేదు. నేను లేచి కూర్చునేసరికి ఉయ్యాల కూడా లేదు. ఆయన గుమ్మంలో బీడీ కాలుస్తూ నా ఏడుపు చూస్తున్నాడు. ఆ రోజు నుంచి ఆయనంటే నాకు అసహ్యం. పదిహేడేళ్ళు ఆ అసహ్యానికి వండిపెట్టాను.

కిటికీలో వాడికి మీ మామ ముఖం గీశాను, తర్వాత మిగతా గళ్ళలో కూడా దాన్నే దిద్దాను. అదే ముక్కు, అదే వాలిన కనురెప్ప. మా పనిలో దేవుళ్ళకు నీలం, రాక్షసులకు ఎరుపు. "దొరకు నీలమెయ్యే, హోటలోళ్ళకు ఆయనే దేవుడు" అన్నాడు. మా ఎరుపు నేరుగా పూసే రంగు కాదు. రావలసిన చోట పటిక నీళ్ళు పూస్తాం, ఆరితే కంటికి కనబడదు. రంగునిచ్చే చెట్ల వేళ్ళూ చెక్కా వేసి గుడ్డను ఉడికించినప్పుడు పటిక తగిలిన చోటల్లా ఎరుపెక్కుతుంది. ఆ పైన బ్రహ్మదేవుడొచ్చినా పోదు. ఆయన టీకి వెళ్ళినప్పుడు పన్నెండు గళ్ళలోనూ గామా ముఖానికి పటిక నీళ్ళు పూసేశాను. కాగులోంచి తీస్తే పన్నెండుగురు సుందరరాజులు, నెత్తురు ముఖాలతో.

సిగ్గుతో చస్తాడనుకున్నాను. కాసేపు చూసి, "బాగుండాదే. మొకం నాదైతే ఏమి, కింద పేరూ నాదే కదా" అని సంతకం పెట్టి దోసెలు వెయ్యమన్నాడు.

చెన్నై తీసుకెళ్ళే ముందు హోటలు వాళ్ళు ఆదివారం తిరుపతిలో ఆ గుడ్డను అందరికీ చూపిస్తున్నారు. నువ్వు రా. పదిమందిలో ఆయన్ని "నన్నెందుకు ఇచ్చేసినావు నాయనా" అని ఒక్కసారి అడుగు. తర్వాత నాతో మన ఇంటికి వచ్చెయ్. ఎవరి నోటా అమ్మా అనిపించుకోకుండా చచ్చిపోతానేమోనని భయంగా ఉంది.

నీ కన్నతల్లి,
పంకజాక్షి


నగరి,
11 డిసెంబరు 2024.

పంకజం అత్తకు,

ఆదివారం వచ్చాను, అమ్మను వెంటబెట్టుకుని. నీ ఉత్తరం అమ్మకు నేనే చదివి వినిపించాను. మా ఇంట్లో దాచుకోవడాలు లేవు. నువ్వు మమ్మల్ని చూడలేదు, హోటలు వాళ్ళకు రంగుల సంగతి చెబుతున్నావు. ఓడ గడి దగ్గర అమ్మ, "మా తమ్ముడి మాదిరే ఉండాడు సూడు" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నువ్వు కన్నావని నాకు ఎనిమిదో ఏటి నుంచీ తెలుసు. అమ్మే చెప్పింది. ఆ తర్వాత మనవాళ్ళ ఇళ్ళల్లో ఆరు పెళ్ళిళ్ళయ్యాయి. ప్రతి పెళ్ళిలోనూ నువ్వు వడ్డించే వరసలోనే కూర్చున్నాను, ఈసారైనా చెబుతావేమోనని. పాయసం వేసి, "తిను పాపా, సిక్కిపోయినావు" అని ముందుకు వెళ్ళిపోయేదానివి.

నీ ఉత్తరంలో ఒక గడి తక్కువైంది. నన్ను తెచ్చుకున్న మూడో నెలలో, కన్నతల్లి ఉసురు తగులుతుందని భయపడి అమ్మ నన్నెత్తుకుని కాళహస్తి వచ్చింది. నువ్వు పరిచిన గుడ్డ మీద వంగి గీస్తున్నావట. "నీ బిడ్డను నువ్వే ఉంచుకో పంకజా" అంటే, "గీత మద్దెలో ఉండాను వదినా, నిలిపితే మచ్చ పడతాది. ఈ గుడ్డకైనా నా పేరు ఏస్తామన్నారు. నువ్వే పెంచుకో" అన్నావట. గంటసేపు అమ్మ అక్కడే నిలబడింది, నేను ఏడుస్తూనే ఉన్నాను. గామా కిటికీలోంచి చూశాడని రాశావు. నువ్వు తలైనా ఎత్తలేదు. ఆ గుడ్డకూ చివరికి మామ పేరే వేశారట.

మామను నేనేమీ అడగలేదు. ఆయన చేసింది ఆయన ఏనాడూ దాచలేదు. నన్ను చూసి ఆయన సిగ్గుపడాలని నీకుంది, నేను ఏమైపోతానో నీకు పట్టలేదు.

తిరుపతి నుంచి వచ్చినప్పటి నుంచి అమ్మ సరిగా తినడం లేదు. "పోతావా పాపా, పోవాలనుంటే పో" అంటుంది. రోజూ పొద్దున్నే నా బట్టలు సంచిలో సర్ది గుమ్మం దగ్గర పెడుతోంది. నేను కాలేజీ నుంచి వచ్చి వాటిని మళ్ళీ బీరువాలో పెడుతున్నాను. ఇవాళ్టికి మూడు రోజులు.

ఇంకో ఉత్తరం రాయవద్దు. వస్తే దాన్నీ అమ్మకు చదివి వినిపించాల్సిందే.

ఇట్లు,
నాగులమ్మ కూతురు
పవిత్ర