పన్నెండు యూనిట్లు

ఉదయం ఆరుంబావు. హిందూపురంలో సన్నని తుంపర, గాలి లేదు.

ఆంజనేయులూ, స్వాతి బిడ్డ నామకరణానికి పెనుకొండ వెళుతున్నాను, రేపు వస్తాను. ఈ రాత్రి ఇన్సులిన్ పది కాదు, పన్నెండు యూనిట్లు వేసుకో. పరగడుపు షుగర్ నూట ముప్పై లోపుకు వచ్చేదాకా మూడు రోజులకోసారి రెండేసి పెంచమని నీ డాక్టరు చెప్పారు. చెమటలు పట్టి చేతులు వణికితే వెంటనే చక్కెర నీళ్లు తాగి ఆయనకు ఫోన్ చెయ్యి, ఇక పెంచవద్దు.

"పెంచితే నేను ఓడిపోయినట్లే గదక్కా! పదేండ్లుగా పది దాటలేదని అందరికీ చెప్పుకుంటాండా" అన్నావు నిన్న. "చెప్పుకోవడానికి ఇంకేమీ దొరకలేదా?" అన్నాను. ఆ మాట అనకుండా ఉండవలసింది. ఏళ్లు గడిచేకొద్దీ ఒంట్లో తయారయ్యే ఇన్సులిన్ తగ్గుతుంది. అందువల్ల సూదిమందు పెరుగుతుంది. అందులో నీ తప్పేమీ లేదు.

సంగటి, పప్పు మూతపెట్టి ఉంచాను.

అక్క

మరొకటి. నాయన కూడా మోతాదు పెంచనివ్వలేదు. మనమంతా ఆయన నిగ్రహాన్ని మెచ్చుకున్నాం. ఆరేళ్ల తరువాత, ధర్మవరంలో నీ పెళ్లినాటికి, ఆయనకు చూపు లేదు.