సీమోను గ్లాసు

ఆగస్టు 1, 1948. ఐతారం.

ఇయ్యాల బల్ల ఐతారం, రొట్టె ద్రాక్షరసం పంచే దినం. చర్చిల సగం బెంచీలు ఖాళీ. కొందరు షోలాపూర్ పోయిన్రు, కొందరు బెజవాడ పోయిన్రు, కొందరు ఎటు పోయిన్రో ఎవరికీ తెల్వది. పాట ఎత్తుకుంటే గొంతులు సాలలే. పాస్టర్ ఎలీషా అయ్యగారే పాడి, ఆయనే తాళాలు కొట్టుకున్నడు.

అత్తమ్మ ఎప్పటి లెక్కనే ద్రాక్షరసం తెచ్చింది. నేను కోడలుగ రాకముందు నుంచి ఆ పని ఆమెదే. నెలకోసారి కిస్మిస్ నానబెట్టి, ఉడకబెట్టి, తెల్లబట్టల వేసి పిండుతది. ఇంకొకరిని దగ్గరికి రానియ్యది. వచ్చినోళ్లను చూసుకొని ట్రేల చిన్న గ్లాసులు పెట్టి పోస్తది. ఇయ్యాల ఒక గ్లాసు ఎక్కువ పోసింది. ఎవరికని అడిగిన. సీమోనుకు అన్నది.

సీమోను నా పెనిమిటి. ఆయన పేరు నోటితోని అనను. ఇక్కడ రాస్తే ఎవరు వింటరు. రైల్వేల ఫైర్‌మన్, ఇంజన్ల బొగ్గు ఎత్తిపోస్తడు. జూలైల బెజవాడ బండి మీద డ్యూటీకి పోయిండు. ఆయన అటు పోంగనే ఇటు లైన్ బందయింది. మనిషి లేడు, కబురు లేదు.

ఊరు దాటి పోయినోళ్లకు గ్లాసు పోసి పెట్టుడు అత్తమ్మ రివాజు. మామ మొదటి లడాయిల బస్రా పోయినప్పుడు మొదలుపెట్టిందట. మామ వచ్చిండు కూడ. అయ్యగారికి ఇది ఇష్టం లేదు, గానీ మా అత్తమ్మ ఆగమ్మకు ఎదురు చెప్పే ధైర్యం మా చర్చిల ఎవరికున్నది. మిగిలిన గ్లాసు ఎవరూ తాగొద్దు. చర్చి ఎనుక జామచెట్టు మొదట్ల పోయాలె. నేనే పోసిన. ఖాళీ గ్లాసు కడుగుతుంటే మస్తు కోపమొచ్చింది. ఎవరి మీదనో నాకే తెల్వది.

ఆగస్టు 9. సోమారం.

రాజన్న వచ్చిండు. నాకు పెద్దన్న, సడకుల మీద మేస్త్రీ పని. పెండ్లాం పిల్లలను తీసుకొని షోలాపూర్ పోతున్నడట, నన్ను కూడ రమ్మన్నడు. రజాకార్లు జిల్లాలల్ల ఏం చేస్తున్నరో చెప్పుకుంట పోయిండు. చెవులు మూసుకున్నా ఆపలే. అత్తమ్మను కూడ తీస్కపోదాం అన్నడు.

అత్తమ్మ బియ్యంల రాళ్లు ఏరుకుంటనే, మా పోరడు వస్తే తలుపు ఎవరు తీస్తరు అని అడిగింది. తాళంచెవి పక్కింట్ల ఇచ్చిపోదామని అన్న చెప్పిండు. ఆమె ఇంకో పిడికెడు బియ్యం చాటల పోసుకున్నది. మాట అయిపోయిందన్నట్టు.

అన్న కోపం చేసుకొని పోయిండు. నాకు పోవాలనే ఉండె. నిజం రాస్తున్న. తలుపు తీయటానికి కాదు నేను ఆగింది. పోయినంక ఆయన వస్తే నా మొకం ఎట్ల చూపియ్యాలె అని ఆగిన.

ఆగస్టు 18. బుధారం.

ఉప్పు లేదు. కబురు లేదు.

ఆగస్టు 27. శుక్రారం.

కిస్మిస్ కోసం అఫ్జల్‌గంజ్ పోయిన. రామలింగయ్య దుకాణంల డబ్బలు వరుసగ ఉన్నయి, అన్నీ ఖాళీయే. బయటి నుంచి సరుకు రానిస్తలేరట. మందులు లేవు, గ్యాసునూనె లేదు, కిస్మిస్ ఎవరికి కావాలమ్మా అని నవ్విండు. ప్రభువు బల్లకు కావాలె అంటే నవ్వు ఆపిండు. డబ్బ బోర్లించి చూపిచ్చిండు పాపం.

వచ్చేటప్పుడు ఖాకీ బట్టలేసుకున్న రజాకార్లు గొంతు చించుకొని నారాలు కొట్టుకుంట పోతున్నరు. ఒక దుకాణం అరుగెక్కి నిలబడ్డ. మెడల సిలువ కొంగు కిందికి తోసిన. తోసినంక సిగ్గనిపిచ్చింది. మల్ల బయటికి తియ్యలే.

ప్రభువా, ఆయన బతికున్నడా? గంత ఒక్కటి చెప్పు. నేను ఇంకేం అడగ. అబద్ధం, ఇంకా మస్తు అడుగుత. ముందుగాల ఇది చెప్పు.

సెప్టెంబర్ 4. శనివారం.

అత్తమ్మకు జరం. రేపు బల్ల. కిస్మిస్ లేదు, చేసే మనిషి లేవలేదు. బడి బందు పెట్టినప్పటి సంది నాకు కూడ చేతుల పని లేదు. టీచర్‌ను, గింత తెలివి లేదా అనుకొని ఒక ఉపాయం చేసిన. చింతపండు నానబెట్టి, బెల్లం వేసి, మరగబెట్టిన. రంగు అచ్చం ద్రాక్షరసమే. రుచి జర అటిటు ఉన్నది. ఉన్న బెల్లం అంతే మరి.

సెప్టెంబర్ 5. ఐతారం.

నా తండ్రీ, ఎట్ల రాయాలె.

ముందుగాల అయ్యగారు తాగిండు. కండ్లు మూసుకున్నడు. భక్తి అనుకున్న. కండ్ల నుంచి నీళ్లొచ్చినయి. అప్పటికీ భక్తే అనుకున్న. తర్వాత ముంగటి బెంచీల కూసునే చంద్రమ్మ తాగింది. ఆమె మొకం పిండిన బట్ట లెక్క అయింది. అప్పుడు సమజయింది నాకు. బెంచీల కిందికి దూరబుద్ధయింది.

ఎనుక ఎవరో కిసుక్కుమన్నరు. తర్వాత ఇంకొకరు. భయంతోని బిగుసుకపోయిన మనుషులు, ఎన్ని దినాలయిందో నవ్వక, బల్ల దగ్గర నవ్వుతున్నరు. అయ్యగారు ఇంకా కండ్లు తుడుచుకుంటనే ఉన్నడు. జరంతోని గొంగడి కప్పుకొని వచ్చిన అత్తమ్మ బెంచీ పట్టుకొని లేచింది.

"ప్రభువుకు సిలువ మీద పుల్లటి చిరక ఇచ్చిన్రు. మీకు చింతపండన్న దొరికింది. తాగుండ్రి."

అందరు తాగిన్రు. ఒక్కరు వద్దనలే. నవ్వినోళ్లే తర్వాత ఏడ్చుకుంట ప్రార్థన చేసిన్రు.

సీమోను గ్లాసు కూడ పోసిన. అత్తమ్మ కండ్లతోనే పోయించింది. ఆ చింతపండు నీళ్లు జామచెట్టుకు పోస్తుంటే, ఇది తాగితే ఆయన మొకం ఎట్ల పెట్టునో అని యాదికొచ్చింది. ఒక్కదాన్నే నవ్విన.

సెప్టెంబర్ 7. మంగళారం.

చింతపండు కథ గల్లీ అంత తిరిగింది. ఎదురింటి హకీం కరామత్ సాబ్ పిలిచి, నిజమేనా బేటీ అని అడిగిండు. నిజమే అన్న. గడ్డం ఊగేటట్టు నవ్విండు. నవ్వి లోపలికి పోయి ఒక జాడీ తెచ్చిండు. మునక్కా. గింజలుండే పెద్ద ద్రాక్ష, ఎండబెట్టింది. దగ్గు మందుల వేస్తడు. జాడీ అడుగున ఉన్నదంత నా కొంగుల పోసిండు. మరి మీ దగ్గు బీమారోళ్లకు అని అడిగిన. తమలపాకు రసం ఉన్నది, అల్లం ఉన్నది, నడుస్తది అన్నడు. మీ ప్రభువు, మర్యమ్ కొడుకు అంటే మా తాన కూడ మస్తు ఇజ్జత్ అని కూడ అన్నడు. పైస తీసుకోలే.

ఈయన తమ్ముని కొడుకు ఖాకీ వేసుకొని రోజూ గల్లీల తిరుగుతడు. వాన్ని చూస్తే నేను తలుపు మూసుకుంట. ఇది తీసుకోవాల్నా వద్దా అని ఇంటి దాక ఆలోచించిన. ఇల్లు ఎదురుంగనే. అయినా మస్తు ఆలోచించిన.

సెప్టెంబర్ 13. సోమారం.

హద్దు దాటి ఫౌజు వచ్చిందట, లడాయి మొదలైందట. దుకాణాలు బందు. అత్తమ్మ మునక్కా జాడీని దేవుని పుస్తకం పక్కన పెట్టింది.

సెప్టెంబర్ 15. బుధారం.

విమానం పోయింది. గల్లీల పిల్లలు కూడ చప్పుడు చేస్తలేరు. అయ్యగారు గోడల పక్క నుంచి నడుచుకుంట ఇల్లిల్లు తిరిగి ప్రార్థన చేస్తున్నడు. మా ఇంట్ల మోకాళ్ల మీద కూసొని ప్రతి చప్పుడుకు తలుపు దిక్కు చూస్తున్నడు. భయమైతలేదా అయ్యా అని అడిగిన. అవుతున్నదమ్మా, అందుకే ఇంట్ల కూసోలేకపోతున్న అన్నడు. ఆ మాట నాకు సర్మన్ల కంటె ఎక్కువ పనిచేసింది.

సెప్టెంబర్ 17. శుక్రారం, సాయంత్రం.

లడాయి అయిపోయింది, ఇక్కడి సర్కారు లొంగిపోయిందట. హకీం సాబ్ ఇంట్ల రేడియో. గల్లీ అంత కిటికీ కింద నిలబడి విన్నం. విన్నంక కొందరు ఉరికిన్రు, కొందరు చేతులు పట్టుకున్నరు. హకీం సాబ్ రేడియో బందు చేసి కిటికీ మూసిండు.

సెప్టెంబర్ 19. ఐతారం.

పొద్దుటి నుంచి హకీం సాబ్ తలుపు తెరుసుకోలే. తమ్ముని కొడుకు శుక్రారమే పారిపోయిండట. ఇంట్ల ముసలాయన, ముసలామె. ఇన్నాళ్లు మేం భయపడ్డం, జర వాళ్లు కూడ చూడనియ్యి అని నోరు జారిన. అత్తమ్మ నా దిక్కు చూసింది. మునక్కా చాటల పోసుకొని సడక్ దాటి పోయి, ఆయన గడప మీద కూసొని గింజలు తీసుడు మొదలుపెట్టింది. బల్లకు ఇంకా మస్తు దినాలున్నయి, ఇప్పుడేం తొందర అని ఇంట్ల నుంచి అడిగిన. వినబడనట్టే చేసింది.

మధ్యాహ్నం కట్టెలు పట్టుకొని కొందరు వచ్చిన్రు. ఖాకీ పోరడు ఏడి అని అడిగిన్రు. అత్తమ్మ చేతుల గింజ చాటల పక్కన పెట్టి తలెత్తింది.

"వాడు లేడు. ఉన్నది ముసలోళ్లు. ఈ గడప మీద మా ప్రభువు పని నడుస్తున్నది. కట్టెలు అవుతల పెట్టి వస్తే రాండ్రి, జర గింజలు తీద్దురు."

అందుల ఒకడు నా బడిల సదువుకున్నోడు. నన్ను చూసి కట్టె ఎనుక దాచిండు. అప్పటికి నేను ఆమె పక్కనే కూసున్న. ఎప్పుడు పోయి కూసున్ననో నాకే యాదికి లేదు. చాటల నుంచి ఒక మునక్కా తీసి నేను కూడ గింజ తీసిన. వాళ్లు అటిటు చూసి పోయిన్రు.

పొద్దుగూకే యాళ్లకు తలుపు సందుల నుంచి రెండు కప్పుల చాయ్ బయటికొచ్చింది. చక్కెర లేదు. మంచిగుండె.

సెప్టెంబర్ 28. మంగళారం.

లోకోషెడ్‌ల పని చేసే మొగులయ్య వచ్చిండు. గడప దాటి లోపలికి రాలే, నిలబడే చెప్పిండు. అవుతల మధిర దిక్కు ఒక బండి మీద దాడి అయిందట. ఫైర్‌మన్ ఒకడు సచ్చిపోయిండట. పేరు తెల్వదట. సీమోను పోయిన దినాలే, సీమోను పోయిన దిక్కే.

అత్తమ్మ చేతిల చెంబు కింద పడ్డది. నేను మొగులయ్యకు మంచినీళ్లు ఇచ్చిన. ఎందుకిచ్చిననో.

అక్టోబర్ 2. శనివారం.

అత్తమ్మ గోడ దిక్కు తిరిగి పండుకున్నది. తింటలేదు, ప్రార్థన కూడ చేస్తలేదు. ఆమె ప్రార్థన చేయకుంటే ఇల్లు ఇల్లు లెక్క లేదు. మునక్కా నేనే నానబెట్టిన, నేనే ఉడకబెట్టిన. ఒక్క మాట అడిగిన, నీళ్లు ఎన్ని పోయాలె అని. దానికి జవాబియ్యకుండ, రేపు వాని గ్లాసు పోయకు అన్నది.

మామ కథ అప్పుడు చెప్పింది. ఇన్నేండ్లల ఎవరికీ చెప్పలేదట.

"గ్లాసు పోస్తే వస్తరని కాదు బిడ్డా. నేను యాష్టకొచ్చి, ఇగ రాడనుకొని పోసుడు బందు చేసినంకనే మీ మామ వచ్చిండు. వచ్చి, నా గ్లాసు పోసినవా అని అడిగిండు. పోసిన అని అబద్ధమాడిన. సచ్చేదాక ఆ మనిషి ఆ మాట నమ్మిండు."

మల్ల గోడ దిక్కు తిరిగింది. నేను పొయ్యి దగ్గర కూసున్న. రసం మాడే దాక సోయి లేదు. మాడలే, దగ్గర పడ్డది అంతే.

అక్టోబర్ 3. ఐతారం.

పోసిన.

అత్తమ్మను గొంగడి కప్పి చెయ్యి పట్టుకొని తీస్కపోయిన. ఆమె ముంగటనే ట్రేల అందరి గ్లాసులు పెట్టి, ఇంకొకటి పెట్టి పోసిన. జర బట్ట మీద ఒలికింది. నాకు నమ్మకం మస్తుగ ఉండి పోయలే. ఉన్నదో లేదో కూడ తెల్వది. గానీ ఆయన వచ్చి అడిగితే నేను అబద్ధమాడొద్దు. రేపు వచ్చినా, పైన ప్రభువు తాన కలిసినా సరే. పోసిన అని చెప్పాలె, నిజంగ పోసి ఉండాలె. నాకు తెలిసిన నమ్మకం గింతే.

అయ్యగారు చూసిండు. ఇష్టం లేని మనిషి. పక్కకున్న ఆ గ్లాసు తీసి, ట్రే నడుమ పెట్టి ప్రార్థన మొదలుపెట్టిండు. షోలాపూర్ నుంచి తిరిగొచ్చిన మా రాజన్న మొగోళ్ల దిక్కు తల దించుకొని కూసున్నడు. అత్తమ్మ అందరితోని పాటు నోరు కదిపింది. దినాల తర్వాత ప్రార్థనల ఆమె గొంతు విన్న.

జామచెట్టు కాడ పోసి ఏడ్చిన. మంచిగ, కడుపునిండ ఏడ్చిన. ఇంటికొచ్చి ఇద్దరం అన్నం తిన్నం.

అక్టోబర్ 20. బుధారం.

బెజవాడ బండ్లు నడుస్తున్నయని హకీం సాబ్ చెప్పిండు. స్టేషన్ పోయిన. దిగినోళ్ల మొకాలన్నీ చూసిన. రేపు మల్ల పోత.

నవంబర్ 7. ఐతారం.

గ్లాసు మిగలలే.

ఇన్నాళ్లు బెజవాడ దవాఖానల పడి ఉండి, మొన్న బండి దిగిండు. గుండు, టైఫాయిడ్‌తోని సగమైన ఒళ్లు, ఎవరిదో పెద్ద అంగీ. మొగోళ్ల దిక్కు ముంగటి బెంచీల కూసొని ఆయనే తాగిండు. బయటికొచ్చినంక జామచెట్టు కాడ చెప్పిన, ఒక్క నెల తప్పలే, నీ గ్లాసు పోసిన అని.

అత్తమ్మ అంత ముందే చెప్పినట్టుంది. చింతపండుది కూడనా అని అడిగిండు.

అది కూడ.