షహజాదీకి ఆముదం

8-4-83, శుక్రవారం
ఇవాళ నాకు మెడల్ ఇవ్వాలి. ఎదురింటి రసూల్‌బీకి, లారీ నడిపే ఆమె తమ్ముడు కొడైకెనాల్ నుంచి బొచ్చు కుందేలు తెచ్చి ఇచ్చాడు. నాలుగు వేళ్ల పొడుగు బొచ్చు. మొహం ఎటో, తోక ఎటో తెలియదు. పేరు షహజాదీ. పిల్లాజెల్లా లేని మనిషి, రోజంతా దాంతోనే కబుర్లు. ఉదయగిరి ఎండకు అది రొప్పుతోందని నా షాపుకు ఎత్తుకొచ్చింది. జుట్టు సంగతి మంగలోడివి నీకు గాక ఇంకెవురికి తెలస్తాది కామయ్యన్నా, ఏం చెయ్యమంటావు అంది. మొహం బిగించి చెప్పాను: శుక్రవారం శుక్రవారం ఒళ్లంతా ఆముదం పట్టించమ్మా, చలవ. కుంకుడుకాయ మాత్రం వద్దు, కళ్లు మండుతాయి. బుద్ధిగా తలూపి వెళ్లింది. షాపులో అందరం పొట్టలు పట్టుకున్నాం.

15-4-83
మళ్లీ పట్టించింది! షహజాదీ గడప మీద జిగేల్‌మంటూ కూర్చుంది.

26-4-83, మంగళవారం
షాపు సెలవు. తెల్లారగానే ఇంటికే వచ్చింది, గంపలో కుందేలుతో. నవ్వబోయి ఆగాను. బొచ్చంతా ఉండలు కట్టి చాపలా అతుక్కుపోయింది. తోక కింద మురికి, ఈగలు. నిన్నటి నుంచి గడ్డి ముట్టలేదట. దువ్వెన పెట్టి లాగాను. బొచ్చు విడలేదు, తోలే కదిలింది. ఇక్కడి పశువుల డాక్టరు సెలవులో ఉన్నాడు. కత్తిరించాల్సి వస్తుందేమోనని నా కత్తెర పెట్టె తీసుకుని ఇద్దరం ఆత్మకూరు బస్సెక్కాం.

అదే రోజు, ఒంటి గంట, ఆత్మకూరు
డాక్టరు కేకలేశాడు. దీనికి స్నానమే పొయ్యకూడదంట, రోజూ మెల్లగా దువ్వితే చాలంట. ఒళ్లు నాక్కుంటూ బొచ్చు మింగేసిందంట, అది కడుపులో అడ్డుపడిందంట. ఏ బుద్ధిలేనోడు చెప్పినాడు ఆముదం పుయ్యమని అని అడిగాడు. నాకే తోచినాది సార్ అంది రసూల్‌బీ. నా వైపు చూడలేదు.
ఉల్లిపొర లాంటి తోలు, చిరిగితే కుట్టు నిలవదు, నా చేతులు బర్రెలకు అలవాటు, కత్తెర నువ్వే పట్టు అన్నాడు డాక్టరు, నా పెట్టె చూసి. వరండాలో కూర్చుని ఇది రాస్తున్నాను. చెయ్యి వణుకు తగ్గాలి.

నాలుగు గంటలు
అయింది. రసూల్‌బీ ఒళ్లో పెట్టుకుంది. తోలుకూ ఉండకూ నడుమ దువ్వెన దూర్చి, పైపైన కత్తిరించాను. దాని గుండె నా బొటనవేలి కింద టపటపా కొట్టుకుంది. ఇరవై ఏళ్లుగా ఎందరి గొంతుల మీదో కత్తి ఆడించాను, ఊపిరి బిగబట్టింది ఇవాళే. చెవి వెనక ఒక్క చుక్క రక్తం. అంతే. బొచ్చంతా పోయాక మిగిలింది పందికొక్కంత. రెండ్రోజుల్లో తిని పెంటికలు వెయ్యకపోతే ఆశ వదులుకోమన్నాడు డాక్టరు.

27-4-83
తినలేదు. ఉండబట్టలేక వాళ్ల గడప దగ్గర నిలబడి అంతా చెప్పేశాను. ఆ పొద్దు మీ నవ్వులు నాకు వినపడినాయిలే అంది. నవ్వితే నవ్వినావు, జుట్టు పనిలో మాత్రం అబద్ధం ఆడవనుకున్నాను అంది. మరి డాక్టరు దగ్గర ఎందుకు దాచావంటే, నీ చెయ్యి వణికితే తెగేది దాని తోలు గదా అంది.

28-4-83
పొద్దున రెండు కొత్తిమీర రెమ్మలు తింది! మధ్యాహ్నం ఏడు పెంటికలు. వెంట్రుకతో గుచ్చినట్టు, పూసల దండలా. అరచేతిలో పెట్టుకుని చూశాను. ఎవరైనా చూస్తే పిచ్చోడనుకుంటారు.

29-4-83, శుక్రవారం
షాపు నిండా జనం. రసూల్‌బీ ఆముదం సీసాతో వచ్చి, నన్ను కుర్చీలో కూర్చోమంది. కూర్చున్నాను. సీసా ఖాళీ అయ్యేదాకా ఎవరూ నవ్వలేదు. గడప దాటుతూ వెనక్కి తిరిగి చెప్పింది: కుంకుడుకాయ మాత్రం వద్దు కామయ్యన్నా, కళ్లు మండుతాయి.